జేబుల్లో పట్టే ఫిరంగి గుండ్లు: స్పీడీ అనే చిన్న యుద్ధనౌక 24 ఏళ్ల కొలువు

ఇంగ్లండ్‌కు ఫ్రాన్స్, స్పెయిన్‌లతో యుద్ధం నడుస్తున్న రోజుల్లో, 1801 మే 6న బార్సిలోనా తీరం దగ్గర స్పీడీ అనే ఇంగ్లీషు ఓడ ఎల్ గామో అనే స్పానిష్ ఓడను పట్టుకుంది. స్పీడీలో పిల్లలతో కలిపి 54 మంది. గామోలో 319 మంది. ఫిరంగుల లెక్కలో తేడా ఇంకా ఎక్కువ. తెరచాపల కాలం నౌకాయుద్ధాల గురించి చదివేవాళ్లు ఎక్కడున్నా ఈ కథ చెప్పుకుంటారు. చెప్పేటప్పుడు మాత్రం అంతా కెప్టెన్ తెగువ ఖాతాలో వేసేస్తారు. తెగువ లేకుండా అది జరిగేది కాదు, నిజమే. కానీ స్పీడీ 1782లో నీళ్లలోకి దిగిన రోజు నుంచి 1806 ప్రాంతంలో జాబితాలోంచి దాని పేరు తీసేసేదాకా వరసగా చూసుకుంటూ వస్తే, దాని గెలుపులకూ ఓటములకూ మూలం ఒక్కచోటే కనిపిస్తుంది. అది చాలా చిన్న ఓడ. దానికి ఏ పని అప్పగించాలి, ఎవరిని కెప్టెన్‌గా వెయ్యాలి, గెలిచొస్తే ఎంత మెచ్చుకోవాలి అన్నదాకా అన్నిటినీ ఆ సైజే తేల్చింది.

ఇంగ్లండ్‌లోని డోవర్‌లో థామస్ కింగ్ అనే ఓడల నిర్మాత దీన్ని కట్టాడు. 1782 జూన్ 29న నీళ్లలోకి దించారు. పొడవు 78 అడుగులు, వెడల్పు 26 అడుగుల లోపే. రెండు కొయ్యలు, రెండింటికీ అడ్డంగా కట్టిన చదరపు తెరచాపలు. ఇలాంటి ఓడను బ్రిగ్ అంటారు. ఫిరంగులు 14, అంటే ఒక్కో పక్క ఏడు. ఒక్కో ఫిరంగి పేల్చే గుండు బరువు నాలుగు పౌన్లు. ఏడూ ఒకేసారి పేలిస్తే 28 పౌన్లు, మన లెక్కలో 13 కిలోలకు కాస్త తక్కువ. అదే కాలంలో నడిచిన విక్టరీ అనే పెద్ద ఓడ కింది అంతస్తులో ఉన్న ఫిరంగులు ఒక్కోటి 32 పౌన్ల గుండు పేల్చేవి. అంటే విక్టరీ విసిరే ఒకే ఒక్క గుండు, స్పీడీ ఒక పక్క మొత్తం విసిరే ఇనుము కన్నా బరువు. స్పీడీకి పేరు తెచ్చిన కెప్టెన్ థామస్ కాక్రేన్, ఒక పక్క పేల్చే గుండ్లన్నీ కోటు జేబుల్లో వేసుకుని డెక్ మీద పచార్లు చేసేవాణ్నని స్వీయచరిత్రలో రాసుకున్నాడు.

కెప్టెన్ గది పైకప్పు ఎత్తు ఐదడుగులు. కాక్రేన్ ఆరడుగుల పైన ఉండే మనిషి. గదిలో కుర్చీ వేసే జాగా లేక, బల్ల చుట్టూ ఉన్న పెట్టెల మీదే కూర్చునేవాళ్లు. గడ్డం గీసుకోవాలంటే పైకప్పులో వెలుతురు కోసం పెట్టిన కిటికీ తీసి, తల బయటికి పెట్టి, సబ్బూ కత్తీ డెక్ మీద పెట్టుకునేవాడు. తనకు ముందు వైపు, వెనక వైపు పేల్చడానికి 12 పౌన్ల ఫిరంగులు రెండు కావాలని అడిగి తెప్పించుకున్నాడు కూడా. వాటిని తిప్పడానికి డెక్ మీద చోటు చాలలేదు, పేలిస్తే ఆ అదురుకు ఓడ చెక్కలు తట్టుకోలేవు. తిరిగి ఇచ్చేయక తప్పలేదు. చిన్న ఓడకు పెద్ద ఫిరంగి పెడితే బలం వస్తుందనుకుంటాం గానీ, ఆ బరువునూ అదురునూ భరించాల్సింది ఓడే కదా.

బ్రిటిష్ నౌకాదళం తన ఓడలను ఆరు తరగతులుగా విడదీసేది. వంద, ఆపైన ఫిరంగులుంటే మొదటి తరగతి, ఇరవై చిల్లర ఉంటే ఆరోది. 14 ఫిరంగుల స్పీడీ ఏ తరగతిలోకీ రాదు. ఈ వర్గీకరణ కాగితాల మీద మిగిలిపోయేది కాదు, మనుషుల జీతాలూ జీవితాలూ దీని మీదే నడిచేవి. తరగతి ఉన్న ఓడకు పోస్ట్ కెప్టెన్ హోదా ఉన్న అధికారి కావాలి. తరగతి లేని ఓడకు కమాండర్ చాలు. ఓడలో అందరూ ఆయన్ని మర్యాదకు కెప్టెన్ అనే పిలుస్తారు గానీ అసలు హోదా అది కాదు. ఒకసారి పోస్ట్ కెప్టెన్ జాబితాలో పేరెక్కితే ఇక సీనియారిటీ ప్రకారం పైకి వెళ్లడమే, బతికుంటే ఎప్పటికో ఒకప్పటికి అడ్మిరల్ అవుతారు. అందుకే ఆ జాబితాలో చేరిన తేదీ ఒక్క నెల ముందయినా వెనకయినా జన్మంతా లెక్కే. స్పీడీ లాంటి ఓడ ఎవరికిచ్చినా అది మజిలీ మాత్రమే. 1793లో దీన్ని కొన్నాళ్లు నడిపిన జార్జ్ కాక్‌బర్న్ తర్వాత 1814లో వాషింగ్టన్ నగరాన్ని తగలబెట్టిన దళంలో ముఖ్యుడయ్యాడు. 1815లో నెపోలియన్‌ను సెయింట్ హెలెనాకు తీసుకెళ్లిందీ ఆయనే.

ఇలాంటి ఓడలు చేసే పనేమిటంటే, యుద్ధం చెయ్యడం కన్నా కాపలా కాయడం. ఉత్తరాలు చేరవెయ్యడం, సరుకు ఓడలకు తోడు వెళ్లడం, శత్రువుల తీరం వెంట తిరుగుతూ చిన్నాచితకా పడవలను పట్టుకోవడం. పెద్ద ఓడలు లంగరేసుకుని గాలి కోసం ఎదురుచూస్తుంటే తిరిగేవి ఇవే. ఎక్కువ తిరుగుతాయి కాబట్టి ఎక్కువ చిక్కుతాయి. 1794 జూన్ 9న నీస్ తీరం దగ్గర స్పీడీ ఫ్రెంచ్ నౌకాబలం మధ్య ఇరుక్కుపోయి పట్టుబడింది. తొమ్మిది నెలలు ఫ్రెంచ్ వాళ్ల చేతిలో ఉంది. 1795 మార్చి 25న ఇన్‌కాన్‌స్టంట్ అనే బ్రిటిష్ ఫ్రిగేట్ (వేగంగా తిరిగే మధ్యరకం యుద్ధనౌక) మళ్లీ పట్టుకుని తెచ్చింది. ఆ రోజుల్లో ఓడకు జాతి అంటూ స్థిరంగా ఉండేది కాదు. పట్టుబడితే జెండా మారుతుంది, మనుషులు మారతారు, కొయ్యా తెరచాపా మాత్రం అవే.

కాక్రేన్ రాకముందు స్పీడీ చేసిన పనుల్లో నాకు అన్నిటికన్నా పెద్దదిగా తోచేది 1799 నవంబర్ 6 నాటిది. అప్పుడు కమాండర్ జాలీల్ బ్రెంటన్. సరుకు ఓడలకు తోడుగా జిబ్రాల్టర్‌కు వస్తుంటే, ఎదురుగా ఉన్న అల్జెసిరస్ నుంచి 12 స్పానిష్ గన్‌బోట్లు మీదికి వచ్చాయి. గన్‌బోటు అంటే తెడ్లతో నడిచే పడవకు ముందు భాగంలో ఒక పెద్ద ఫిరంగి బిగించడం. గాలి సరిగా లేని చోట తెరచాపల ఓడ నిస్సహాయంగా నిలబడిపోతుంది, ఇవి మాత్రం ఎటు కావాలంటే అటు తిరిగి దెబ్బకొట్టగలవు. బ్రెంటన్ తన ఓడను వాటి మధ్యలోకే పోనిచ్చి, సరుకు ఓడలు రేవులోకి జారుకునేదాకా వాటిని తన వైపుకు లాక్కున్నాడు. స్పీడీకి నీటిమట్టం కింద చిల్లులు పడ్డాయి. జిబ్రాల్టర్ చేరే వీలు లేక, ఎదుటి ఒడ్డున ఆఫ్రికాలోని తెతువాన్ వైపు వెళ్లి వాటిని పూడ్చుకోవాల్సి వచ్చింది. ఆ రోజు శత్రువు ఓడేదీ చేతికి రాలేదు, పాటల్లో పేరూ రాలేదు. కానీ స్పీడీని కట్టిందే ఆ పని కోసం, ఆ పని అది చేసిపెట్టింది.

1800 మార్చిలో కాక్రేన్ వచ్చాడు. స్కాట్లాండ్‌లోని ఒక ప్రభువుల ఇంట్లో పెద్దకొడుకు. వంశానికి పేరుంది, డబ్బు లేదు. డబ్బు ప్రస్తావన ఎందుకంటే, అప్పటి నౌకాదళంలో యుద్ధానికీ సంపాదనకూ నేరుగా లింకు ఉండేది. పట్టుకున్న ఓడనూ సరుకునూ కోర్టు ముందు పెట్టి అమ్మేవాళ్లు. ఆ సొమ్మును ఎనిమిది వాటాలు వేసేవాళ్లు. మూడు వాటాలు కెప్టెన్‌వి, అందులో ఒకటి పైనున్న అడ్మిరల్‌కు పోతుంది. మిగతావి అధికారులకూ, కింది స్థాయి వాళ్లకూ. చివరి రెండు వాటాలు మామూలు కళాసులందరికీ కలిపి. విక్టరీ లాంటి ఓడలో ఆ రెండు వాటాలను వందల మంది పంచుకోవాలి. స్పీడీలో నిండా ఉన్నా తొంభై మందే. అందుకే చిన్న ఓడలో ఇరుకును, ప్రమాదాన్ని భరించి కూడా మనుషులు ఉత్సాహంగా పనిచేసేవాళ్లు. కాక్రేన్ 13 నెలల్లో 50కి పైగా ఓడలను పట్టుకున్నాడు, లేదా శత్రువుల దగ్గర్నుంచి విడిపించాడు. 122 ఫిరంగులు, 534 మంది ఖైదీలు అని ఆయన చెప్పిన లెక్క.

ఆ పట్టుకోవడంలో సగం పని వేషాలది. స్పీడీకి డానిష్ ఓడ రంగులు వేయించి, క్లోమర్ అనే డెన్మార్క్ బ్రిగ్ పోలికలు తెచ్చాడు. డానిష్ మాట్లాడే మనిషిని కూడా పనిలో పెట్టుకున్నాడు. 1800 డిసెంబర్‌లో వర్తక ఓడ అనుకుని ఒకదాని దగ్గరికి వెళ్తే అది ఫిరంగి కిటికీల తలుపులు మూసుకుని పొంచి ఉన్న స్పానిష్ ఫ్రిగేట్. పారిపోయే దారి లేదు. డెన్మార్క్ జెండా ఎత్తాడు. వాళ్లు అనుమానంతో పడవ పంపారు. వెంటనే రోగం ఉందని తెలిపే పసుపు జెండా ఎత్తించి, మేం ప్లేగు పాకిన ఉత్తర ఆఫ్రికా రేవు నుంచి వస్తున్నామని ఆ డానిష్ మనిషి చేత చెప్పించాడు. పడవ అక్కడి నుంచే వెనక్కి తిరిగింది. ఇంకోసారి రాత్రిపూట తరుముతున్న ఫ్రిగేట్ కళ్లు కప్పడానికి, ఒక తొట్టిలో దీపం పెట్టి నీళ్లలో వదిలేసి, తన దీపాలన్నీ ఆర్పేసి వేరే దిక్కుకు తిరిగాడు. ఆ ఫ్రిగేట్ దీపం వెంట పోయింది. ఇవన్నీ మోసం కాదా అంటే, అప్పటి యుద్ధనీతి ప్రకారం కాదు. పరాయి జెండాతో తిరగొచ్చు, దగ్గరికి వెళ్లొచ్చు. ఫిరంగి పేల్చే ముందు మాత్రం సొంత జెండా ఎత్తి తీరాలి.

ఇక మే 6. ఆ రోజుకు స్పీడీలో 54 మందే ఎందుకు మిగిలారంటే, పట్టుకున్న ప్రతి ఓడనూ మినోర్కా దీవిలోని మహోన్ రేవుకు నడిపించడానికి కొంతమందిని అందులోకి ఎక్కించి పంపాల్సిందే. గెలుస్తున్న కొద్దీ సొంత ఓడ ఖాళీ అవుతుంది. ఎదుట ఉన్న గామో మూడు కొయ్యల జీబెక్ ఫ్రిగేట్, అంటే మధ్యధరా సముద్రపు తరహాలో కట్టిన యుద్ధనౌక. అందులో 12 పౌన్ల ఫిరంగులు 22, ఎనిమిది పౌన్లవి 8, పొట్టిగా ఉండి 24 పౌన్ల గుండు పేల్చే కారొనేడ్‌లు రెండు. ఒక పక్క పేలిస్తే 188 పౌన్లు, స్పీడీకి దాదాపు ఏడు రెట్లు. దూరం నుంచి కాల్చుకుంటే స్పీడీ పది నిమిషాలు నిలవదు. కాక్రేన్ అమెరికా జెండా ఎత్తాడు. అమెరికా అప్పుడు ఆ యుద్ధంలో లేదు. గామోలో వాళ్లు తటపటాయించారు, ఆ కాసేపట్లో స్పీడీ దగ్గరికి చేరిపోయింది. ఇంగ్లీషు జెండా ఎక్కింది. గామో ఫిరంగులు పేలాయి. కాక్రేన్ బదులు పేల్చనివ్వలేదు. తన ఫిరంగుల్లో ఒక్కోదాన్లో మూడేసి గుండ్లు కూరించి, మూతులు వీలైనంత పైకెత్తించి ఉంచాడు. తిన్నగా వెళ్లి గామో పక్కకు ఆనించి, స్పీడీ తెరచాపల అడ్డకొయ్యలు దాని తాళ్లలో చిక్కుకునేలా చేశాడు.

అసలు కిటుకు ఇక్కడుంది. ఫిరంగి మూతిని కిందికి వంచడానికి ఒక హద్దుంటుంది. ఓడ పక్కన కోసిన కిటికీలోంచే అది బయటికి చూడాలి, వెనక భాగం కింద పెట్టే చెక్కను బట్టే మూతి లేవాలి, దిగాలి. గామో డెక్ ఎత్తు. స్పీడీ దాని పక్కన నీళ్లకు అంటుకున్నట్టు ఉంది. గామో ఎంత వంచి పేల్చినా గుండ్లు స్పీడీ మనుషుల తలల మీదుగా వెళ్లి తెరచాపలనూ తాళ్లనూ చీల్చాయి తప్ప ఓడకు తగల్లేదు. స్పీడీ గుండ్లు మాత్రం కింది నుంచి పైకి, గామో డెక్ చెక్కలను చీల్చుకుంటూ వెళ్లాయి. మొదటి దెబ్బకే స్పానిష్ కెప్టెన్ ఫ్రాన్సిస్కో ద తోరెస్, ఓడ సరంగు ఇద్దరూ చనిపోయారు. నాలుగు పౌన్ల గుండు దూరానికి పనికిరాదు, చేతికందే దూరంలో పనికొస్తుంది. స్పానిష్ వాళ్లు స్పీడీ మీదికి దూకడానికి గుమిగూడినప్పుడల్లా కాక్రేన్ ఓడను కాస్త పక్కకు జరిపి, ఆ గుంపు మీద తుపాకులూ ఫిరంగులూ పేల్పించి, మళ్లీ ఆనించేవాడు.

అలా ముప్పావు గంట. తాళ్లూ తెరచాపలూ చిరిగిపోతున్నాయి, ఇంకెంతోసేపు ఇలా నడవదు. దొరికిపోతే ఎవరికీ క్షమాభిక్ష దొరకదని, అందరం గామో మీదికి ఎక్కాల్సిందేనని కాక్రేన్ చెప్పాడు. అందరూ అంటే అందరూ. చుక్కాని దగ్గర మిగిలింది ఓడ డాక్టర్ జేమ్స్ గత్రీ ఒక్కడే. కొందరు మొహాలకు నల్లరంగు పూసుకుని ముందు వైపు నుంచి పొగలోంచి ఎక్కారు. మిగతావాళ్లు నడుమ భాగం నుంచి. కలబడి కొట్టుకుంటుండగా కాక్రేన్ ఖాళీగా ఉన్న తన ఓడ వైపు తిరిగి, ఇంకో యాభై మందిని పంపమని గట్టిగా కేకేశాడు. ఒక కళాసీని పంపి స్పానిష్ జెండా దింపించాడు. జెండా దిగడం చూసి, తమ అధికారులే లొంగిపోయారనుకుని గామో వాళ్లు ఆయుధాలు పడేశారు. అక్కడ 15 మంది చనిపోయారు, 41 మందికి గాయాలు. స్పీడీలో ముగ్గురు చనిపోయారు, ఎనిమిది మందికి గాయాలు. అందులో ఒకడు ఉపాధికారి రిచర్డ్ పార్కర్, చాలా గట్టి దెబ్బలే తగిలాయి. చేతిలో ఆయుధం పట్టగల 40 చిల్లర మంది, ఒంటి మీద గీత కూడా పడని 263 మంది ఖైదీలను కాపలా కాయాలి. వాళ్లందర్నీ గామో అడుగు అంతస్తులోకి దింపి, దాని ఫిరంగులనే ఆ గొయ్యి వైపు గురిపెట్టి, మహోన్ దాకా తీసుకెళ్లారు.

రెండు నెలలు తిరక్కుండా సైజు ఎదురు తిరిగింది. జూలై మొదట్లో అలికాంతె దగ్గర కొన్ని వర్తక ఓడలను తరిమి తగలబెట్టారు. ఆ మంటల వెలుగు చూసి అటు వచ్చినవి ఫ్రెంచ్ అడ్మిరల్ లిన్వా నడుపుతున్న మూడు భారీ యుద్ధనౌకలు. జూలై 3 తెల్లవారాక కాక్రేన్ కొన్ని గంటలపాటు వాటి మధ్య అటూ ఇటూ తప్పించుకున్నాడు. బరువు తగ్గించడానికి ఫిరంగులన్నీ సముద్రంలోకి తోయించాడు. చివరికి డెసే అనే ఓడ ఒక పక్క మొత్తం పేల్చేంత దగ్గరికి వచ్చేసింది. లొంగిపోయాడు. డెసే కెప్టెన్ ఆయన కత్తి తీసుకోలేదు, ఇంతసేపు అసాధ్యంతో పోరాడినవాడి కత్తి నాకొద్దన్నాడు. మూడు రోజుల తర్వాత అల్జెసిరస్‌లో లిన్వా మీద బ్రిటిష్ దళం దాడి చేసింది. ఆ దళంలో సీజర్ అనే ఓడకు కెప్టెన్, స్పీడీ పాత కమాండర్ బ్రెంటన్. స్పీడీ కొత్త కమాండర్ అదే యుద్ధాన్ని అవతలి వైపు ఖైదీగా చూశాడు. ఖైదీల మార్పిడిలో బయటపడ్డాక, ఓడ పోగొట్టుకున్న ప్రతి కెప్టెన్‌కూ జరిగే సైనిక విచారణ ఆయనకూ జరిగింది. జూలై 18న గౌరవంగా నిర్దోషి అని తేల్చారు.

ఈ లిన్వా తెలుగు తీరానికి కూడా వచ్చాడు. 1804 సెప్టెంబర్ 15న 74 ఫిరంగుల మారెంగోతో, రెండు ఫ్రిగేట్లతో విశాఖపట్నం రేవు మీద పడ్డాడు. అక్కడ 50 ఫిరంగుల బ్రిటిష్ ఓడ సెంచూరియన్, రెండు వర్తక నౌకలు లంగరేసి ఉన్నాయి. సెంచూరియన్ కెప్టెన్ ఒడ్డు మీద ఉన్నాడు, ఓడను లెఫ్టినెంట్ ఫిలిప్స్ నడిపాడు. వర్తక నౌకల్లో ఒకటి ఒడ్డుకెక్కి పగిలిపోయింది, రెండోదైన ప్రిన్సెస్ షార్లెట్ ఫ్రెంచ్ వాళ్ల చేతికి చిక్కింది. సెంచూరియన్ మాత్రం బాగా దెబ్బతిని కూడా లొంగలేదు. అల్జెసిరస్‌లో లిన్వా ఒడ్డున ఉన్న ఫిరంగుల అండ చూసుకుని, లోతు లేని నీళ్లలో నిలబడి తనను తాను కాపాడుకున్నాడు. విశాఖలో అదే అండ, అవే లోతు లేని నీళ్లు ఆయనకు అడ్డొచ్చాయి. చిన్న బలం ఎక్కడ నిలబడాలో తెలుసుకుంటే పెద్ద బలం చెయ్యగలిగింది తగ్గిపోతుందనడానికి గామో, అల్జెసిరస్, విశాఖ, ఈ మూడు పోరాటాలనూ పక్కపక్కన పెట్టి చూడొచ్చు.

స్పీడీ మాత్రం మళ్లీ ఇంగ్లండ్‌కు రాలేదు. 1802 డిసెంబర్‌లో నెపోలియన్ దాన్ని పోప్ ఏడో పయస్‌కు కానుకగా ఇచ్చాడు. సాన్ పావొలో అనే పేరుతో పోప్ నౌకాదళంలో ఉండి, 1806 ప్రాంతంలో జాబితాలోంచి పోయింది.

గామో సంగతి ఇంకా చెప్పాలి, ఎందుకంటే ఈ మొత్తం కథలో నాకు కోపం తెప్పించేది అదే. పట్టుకున్న ఓడను నౌకాదళం కొనుక్కుంటే మంచి ధర వస్తుంది. గామోను కొనలేదు, అల్జీర్స్‌కు తక్కువకు అమ్మేశారు. దానికి కెప్టెన్ అవుతాననుకున్న కాక్రేన్ ఆశ పోయింది. అంత గెలుపు తర్వాత రావాల్సిన పోస్ట్ కెప్టెన్ హోదా ఆగస్టు 8 దాకా రాలేదు. ఆ ఆలస్యానికి జాబితాలో ఎంతోమంది ఆయన్ని దాటేశారు. పార్కర్‌కు అసలు ప్రమోషనే లేదు. కాక్రేన్ పట్టుపట్టి ఉత్తరాలు రాస్తే, నౌకాదళ మంత్రిగా ఉన్న సెయింట్ విన్సెంట్ ప్రభువు నుంచి వచ్చిన జవాబు, స్పీడీలో చనిపోయినవాళ్ల సంఖ్య ప్రమోషన్ ఇచ్చేంత లేదని. కాక్రేన్ ఊరుకోలేదు. మీకు ప్రభువు బిరుదు తెచ్చిపెట్టిన 1797 యుద్ధంలో మీ సొంత ఓడలో చనిపోయింది ఒక్కడే కదా అని తిరిగి రాశాడు. లెక్క సరైనదే. కానీ ఆ ఉత్తరంతో మంత్రి దగ్గర ఆయన దారులు చాలావరకు మూసుకుపోయాయి.

మనుషుల్ని కాపాడుకుంటూ గెలిచినవాడికి, కాపాడుకున్నందుకే గుర్తింపు తగ్గడం ఏ కొలతతో చూసినా అన్యాయమే. పెద్ద ఓడల యుద్ధాల్లో వందల మంది పోతారు కాబట్టి ఆ సంఖ్యే గెలుపుకు తూకం అయిపోయింది. 54 మందే ఉన్న ఓడ ఆ తూకంలో ఎలా తూగుతుంది? కాక్రేన్ తర్వాత చిలీ, బ్రెజిల్, గ్రీస్ నౌకాదళాలను నడిపి చరిత్రలోకెక్కాడు. చుక్కాని పట్టిన డాక్టర్ గత్రీ ఆయన తర్వాతి ఓడల్లోకి కూడా వెంట వెళ్లాడు. పార్కర్ సంగతి కాక్రేన్ స్వీయచరిత్రలో చెప్పాడు. ఎన్నో ఏళ్లకు పార్కర్‌కు కమాండర్‌గా ఉత్తర్వు వచ్చింది, వెస్టిండీస్‌లో రెయిన్‌బో అనే ఓడ ఎక్కమని. ఉన్న వ్యవసాయం వదులుకుని, ఖర్చులు పెట్టుకుని బార్బడోస్ వెళ్లాడు. అక్కడ ఆ పేరుతో ఓడే లేదు.